కొలువుకు ముందు కాలం: తెలుగునాట కళాశాల సంవత్సరాలు

ఇంటర్మీడియట్ ముగిసిన నాటి నుంచి మొదటి జీతం చేతికి అందే నాటి వరకు సాగే మూడు నాలుగేళ్ల మీద తెలుగు కుటుంబాలు పెట్టుకున్నంత ఆశ మరే కాలం మీదా పెట్టుకోవు. ఆ కాలం ఎలా సార్థకమవుతుందన్న ప్రశ్నను కట్టమంచి రామలింగారెడ్డి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం విచారణకు తీసుకుంటుంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా బాధ్యత చేపట్టిన విద్యావేత్తను స్మరించే సందర్భానికి తగిన ప్రశ్న అది. సభలో ఉన్న అధ్యాపకులకు, విద్యార్థులకు, పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులకు దానితో నేరుగా సంబంధం ఉంది. 

ఇక్కడి ప్రతిపాదన ఒక్కటే. తెలుగునాట ఆధునిక కళాశాల కొలువు కోసమే పుట్టింది. ఆ బంధాన్ని కాదనడం చరిత్రను కాదనడమే. కానీ పట్టా విలువ చాలావరకు మొదటి ఉద్యోగంతోనే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు మనిషిని నడిపేవి కళాశాల రోజుల్లో పాఠ్యప్రణాళిక అంచున అలవడిన శక్తులు: ఎవరూ చెప్పకుండా చదవగలగడం, చేపట్టిన పనిని ముగించగలగడం, భిన్నమైన మనుషులతో కలిసి పనిచేయగలగడం, తన ఆలోచనను ఎదుటివారికి తేటగా చెప్పగలగడం. వీటిని అలవరచుకోవడానికి కావలసిన తీరిక అంతకుముందు చదువుల్లో ఉండదు, ఆ తర్వాతి ఉద్యోగంలోనూ అరుదు.

కొలువు కోసం పుట్టిన చదువు

1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంగ్లీషు చదివినవారికి ప్రభుత్వోద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానించాడు. 1854 నాటి వుడ్ నివేదన విశ్వవిద్యాలయాలకు దారి వేసింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో అవి వెలిశాయి. మూడింటికీ నమూనా నాటి లండన్ విశ్వవిద్యాలయం. పాఠ్యాంశాలు నిర్ణయించడం, పరీక్షలు పెట్టడం, పట్టాలు ఇవ్వడం వాటి పని; బోధన అంతా అనుబంధ కళాశాలలది. పాఠం చెప్పే చోటు ఒకటి, పరీక్ష పెట్టే చోటు మరొకటి అయినప్పుడు విద్యార్థి దృష్టి సహజంగానే పరీక్ష మీదికి మళ్లింది. నేటి విద్యలో పరీక్షకున్న పెత్తనం ఆనాడు పడిన పునాది మీదే నిలిచింది.

తెలుగు జిల్లాల్లో కళాశాలలు చాలావరకు పాఠశాలల నుంచే పెరిగాయి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాల తర్వాత నోబుల్ కళాశాల అయింది. రాజమండ్రిలో 1853లో మొదలైన ప్రభుత్వ పాఠశాల, విజయనగరంలో 1857లో సంస్థానాధీశులైన పూసపాటివారు నెలకొల్పిన పాఠశాల అదే బాటలో నడిచాయి. కాకినాడలో పిఠాపురం సంస్థానం, గుంటూరులో లూథరన్ మిషనరీలు కళాశాలలకు అండగా నిలిచారు. నిజాం రాజ్యంలో 1887లో ఏర్పడిన నిజాం కళాశాల కూడా మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేది. సర్కారు, సంస్థానం, మిషన్ – డబ్బు పెట్టిన చేయి ఏదైనా విద్యార్థి చేరిన కారణం ఒకటే: కచేరీలో, కోర్టులో, బడిలో ఒక కుర్చీ.

ఆ ఆశకూ దాని ఖర్చుకూ నాటి సాహిత్యమే సాక్ష్యం. గురజాడ అప్పారావు 1897లో ప్రచురించిన కన్యాశుల్కం నాటకంలో అగ్నిహోత్రావధాన్లు ఇంట రేగే గొడవల్లో ఒకటి కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు గురించి. పరీక్ష తప్పిన ఆ కుర్రవాడికి గురువుగా గిరీశం దొరికాడు. చదువు పైమెరుగులన్నీ ఉండి, చదువు పెంచవలసిన విచక్షణ లేని మనిషిని గురజాడ ఆ పాత్రలో నిలబెట్టాడు. కొలువు కోసం వచ్చిన చదువు మనిషి లోపలికి దిగకుండానే పోవచ్చన్న హెచ్చరిక తెలుగువారికి నూట పాతికేళ్ల కిందటే అందింది.

పాఠ్యప్రణాళిక అంచున

అదే వ్యవస్థలో చదివి దాని హద్దులు దాటినవారి జీవితాలను పరిశీలిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1880లో చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టి మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివారు. అక్కడి తెలుగు విద్యార్థుల ఆంధ్రభాషాభిరంజని సంఘం కావ్యరచనకు పోటీ పెట్టింది. ఆ పోటీకి ఆయన రాసిన కావ్యమే ముసలమ్మ మరణము. అనంతపురం ప్రాంతంలో చెరువుకట్ట నిలవడం కోసం ప్రాణమిచ్చిన ఒక సామాన్య గృహిణి కథకు ఆధారం సి.పి. బ్రౌన్ సేకరించిన స్థానిక చరిత్ర. పురాణ నాయికలను వదిలి ఊరి కోడలిని కావ్యనాయికగా చేసిన ఆ రచన ఆధునిక తెలుగు కవిత్వపు తొలి అడుగుల్లో ఒకటిగా నిలిచింది. దానికి తరగతిలో మార్కులు లేవు. ఒక విద్యార్థి సంఘం, ఒక గడువు, రాసినదాన్ని చదివి తీర్పు చెప్పే పెద్దలు – ఇంతే సామగ్రి. ఆపైన ప్రభుత్వ విద్యార్థి వేతనంతో కేంబ్రిడ్జి వెళ్లిన రామలింగారెడ్డి అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. విశ్వవిద్యాలయాన్ని నడిపిన మాటనేర్పు, వాదపటిమ అలవడింది ఆ సంఘాల్లోనే.

గురజాడ విజయనగరం కళాశాల విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1883లో, ఆయన ఇంగ్లీషులో రాసిన సారంగధర కావ్యం పత్రికలో వచ్చింది. దాన్ని చదివిన కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ప్రోత్సాహం, సొంత భాషలో రాయమన్న సలహా ఆ యువకుడికి అందాయి. కళాశాల గోడల బయట తన పనిని చదివే ఒక పెద్ద దొరకడం విద్యార్థి దశలో ఎంత దూరం పనిచేస్తుందో చెప్పడానికి ఇది చాలు.

సి.వి. రామన్ బాల్యం, తొలి చదువు విశాఖపట్నంలో గడిచాయి. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థిగా రామన్ చేసిన కాంతి ప్రయోగాల మీద రాసిన తొలి పరిశోధన వ్యాసం 1906లో లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. మరుసటి ఏడాది ఆయన ఆర్థిక శాఖ పరీక్ష నెగ్గి కలకత్తాలో లెక్కల ఉద్యోగంలో చేరారు. పగలు కార్యాలయం, తక్కిన వేళల్లో భారతీయ విజ్ఞాన వర్ధక సంఘం ప్రయోగశాల – పదేళ్లు ఇలా గడిచాక 1917లో ఆచార్య పదవి, 1930లో నోబెల్ బహుమతి వచ్చాయి. కొలువు ఆయన పరిశోధనను ఆపలేదు. ఎందుకంటే కొలువుకు ముందే అది అలవాటైపోయింది. ఉద్యోగంలో చేరాక కొత్తగా మొదలుపెట్టాలంటే ఆ పదేళ్లు గడవడం కష్టమయ్యేది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ పట్టాకూ విద్యకూ ఉన్న తేడాను మరో వైపు నుంచి చూపుతుంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన బయటికి వచ్చారు. కానీ 1925 నాటికి హార్వర్డ్‌లో సహచర శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. జీవరసాయన శాస్త్ర పాఠాల్లో ఆ పద్ధతి నేటికీ ఇద్దరి పేర్లతోనే ఉంది. ఫోలిక్ ఆమ్లం, కాన్సర్ మందులు, యాంటీబయాటిక్‌ల మీద ఆయన బృందం పని ఆ తర్వాతి ఘట్టం.

స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న దుర్గాబాయి కళాశాలకు వచ్చేసరికి బాల్యవివాహాన్ని, జైలును దాటి వచ్చారు. 1930ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే స్త్రీలకు వసతిగృహం లేకపోవడం అడ్డువచ్చింది. పత్రికా ప్రకటన ద్వారా చదువుకోదలచిన ఆడపిల్లలను కూడగట్టి, వసతిగృహం ఏర్పాటుకు ఆమే పూనుకున్నారు. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళాసభను పెంచడంలోనూ, రాజ్యాంగ సభలోనూ కనిపించిన నిర్వహణశక్తికి అది ఒక అభ్యాసం.

ఈ ఐదుగురూ అసాధారణులే. వారి ప్రతిభను అనుకరించమని ఏ విద్యార్థికీ చెప్పలేం. అనుకరించదగినది వారి పద్ధతి. వారిలో కొందరు విద్యార్థి దశలోనే ఏదో ఒక పనిని పూర్తి రూపంలో లోకం ముందు పెట్టారు. కొందరు వ్యవస్థ అడ్డుపడిన చోట మరో దారి వేసుకున్నారు. వారి పనికి సంఘమో, పత్రికో, ప్రయోగశాలో, సహవాసమో ఆధారమైంది. ఇవన్నీ నేటికీ సామాన్య విద్యార్థికి అందుబాటులో ఉండగలిగినవే.

విస్తరణ, ఆశయాలు

ఇరవయ్యో శతాబ్దం కళాశాల అంటే ఏమిటన్న ప్రశ్నను మళ్లీ లేవనెత్తింది. బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయం బోధన, పరిశోధన ఒకే ప్రాంగణంలో సాగాలన్న ఆశయంతో ఎదిగింది. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను నడిపింది. అందుకోసం అనువాద సంస్థనే నెలకొల్పి శాస్త్రగ్రంథాలను తర్జుమా చేయించింది. అక్కడే 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. వారిలో ఒకరైన పి.వి. నరసింహారావు తర్వాత దేశ ప్రధాని అయ్యారు.

కళాశాలకు సమాంతరంగా గ్రంథాలయోద్యమం మరో చదువును నిర్మించింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిశాయి. తరగతి చెప్పని చరిత్ర, రాజకీయం, సాహిత్యం అక్కడ చదివిన తరాలే జాతీయోద్యమాన్నీ తెలుగు పత్రికలనూ నడిపాయి.

స్వాతంత్ర్యానంతరం సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం 1949లో నివేదిక ఇచ్చింది. 1964–66 నాటి కొఠారి సంఘం చదువుకు పని అనుభవాన్ని, సమాజసేవను జతచేయాలని కోరింది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. పుస్తకం, పని, సమాజం మూడూ కలిస్తేనే కళాశాల చదువు పూర్తవుతుందన్న అవగాహన అధికారిక పత్రాల్లో అప్పటికే స్థిరపడింది. ఆచరణ మరో దారి పట్టింది.

నేటి కళాశాల

1980ల నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసి తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్య రూపాన్ని మార్చేశాయి. చాలా కుటుంబాల్లో మొదటి పట్టభద్రుడు ఇంజనీరే. ఈ విస్తరణ చేసిన మేలు చిన్నది కాదు. వ్యవసాయ కూలీల పిల్లలకు కూడా అది విదేశాల దాకా దారి చూపింది.

దాని నీడలో మరో పరిణామం జరిగింది. ఇంటర్మీడియట్ రెండేళ్లు రెసిడెన్షియల్ కళాశాలల్లో స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల మధ్య గడిపిన విద్యార్థి డిగ్రీలో చేరగానే మొదటిసారి తన రోజుకు తానే యజమాని అవుతాడు. ఆ స్వేచ్ఛను వాడుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు. అందువల్ల మొదటి రెండేళ్లు తెలియకుండానే జారిపోతాయి. సెమిస్టర్ పరీక్షల ముందు వారం ఆల్‌ఇన్‌వన్‌లు, పాత ప్రశ్నపత్రాలు. తప్పిన సబ్జెక్టులు బ్యాక్‌లాగులుగా పేరుకుపోవడం. చివరి ఏడు క్యాంపస్ సెలెక్షన్ల తర్ఫీదు – చాలా చోట్ల నాలుగేళ్ల కథ ఇదే. పట్టా తర్వాత హైదరాబాదు వెళ్లి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు, లేదా అశోక్‌నగర్‌లో సర్కారు పరీక్షల కోచింగ్. కళాశాలలో నేర్వని దాన్ని కళాశాల ముగిశాక అద్దె గదిలో ఉంటూ, ఫీజు కట్టి నేర్చుకోవలసి రావడం అమీర్‌పేట వీధులు ఏళ్లుగా చెబుతున్న పాఠం.

తొందర ఒక్కటే దీనికి విరుగుడనుకోవడం మరో పొరపాటు. మొదటి ఏడాది నుంచే ఏ కంపెనీ ఏ పరీక్ష పెడుతుందో దానికే తయారైనవారికి ఆ పరీక్ష మారిన రోజున చేతిలో ఏమీ మిగలదు. కంప్యూటర్ భాషలు మారాయి, కొలువుల పేర్లు మారాయి. ఒక తరం నేర్చిన పరికరం తర్వాతి తరానికి పనికిరాని సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మూలసూత్రాలు, కొత్తదాన్ని చదివి పట్టుకునే నేర్పు మాత్రం నిలిచాయి.

సంవత్సరాల క్రమం

కళాశాల కాలాన్ని సార్థకం చేసుకోవడంలో మొదటి ఏడాది పని చదివే అలవాటును మళ్లీ నేర్చుకోవడం. గైడును పక్కనబెట్టి ప్రతి ముఖ్య విషయానికి ఒక్క ప్రామాణిక గ్రంథమైనా మొదటి నుంచి చివరి దాకా చదవడం దాని మొదటి మెట్టు. ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ ద్వారా, 2017 నుంచి స్వయం వేదిక ద్వారా ఉచితంగా దొరుకుతున్నాయి; అధ్యాపకుడు లేని కళాశాల విద్యార్థికి ఇవి పెద్ద ఆసరా. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇంగ్లీషు కూడా ఈ ఏడాదే అలవడాలి. రోజూ చదివింది పది వాక్యాల్లో రాయడం, తోటివారికి చెప్పడం అందుకు దగ్గర దారి. అదే సమయంలో తెలుగులో విషయాన్ని స్పష్టంగా రాయగల శక్తిని వదులుకుంటే పత్రికలు, పాలన, న్యాయం, వైద్యం వంటి రంగాల్లో ప్రజలతో సంబంధమే తెగిపోతుంది.

రెండో ఏడాది ఒక సంఘంలో చేరి బాధ్యత తీసుకోవలసిన కాలం. జాతీయ సేవా పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ, ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేస్తాడు. శిబిరంలో లెక్క రాయడం, వంటకు సరుకు తేవడం, గ్రామపెద్దలతో మాట్లాడి పనికి ఒప్పించడం – ఇవి తరగతిలో దొరకని పాఠాలు. ఎన్‌సీసీ, చర్చావేదిక, నాటక బృందం, కళాశాల పత్రిక కూడా అదే పని చేస్తాయి. పదవి కోసం కాక, మొదలుపెట్టిన పని చివరి వరకు నడపడం కోసం చేరినప్పుడే అవి ఫలిస్తాయి.

మూడో ఏడాది నిజమైన పనిచోటును చూడవలసిన దశ. ఆంధ్రప్రదేశ్ 2020–21 నుంచి డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను పాఠ్యక్రమంలో చేర్చింది. అందులో సమాజసేవా ప్రాజెక్టు ఒక భాగం. అప్రెంటిస్ చట్టం 1961 నుంచే ఉంది, తర్వాత పట్టభద్రులకూ వర్తించింది. సర్టిఫికెట్ కొనుక్కుని తెచ్చే ఇంటర్న్‌షిప్ ఒక్క వరుసను మాత్రమే బయోడేటాకు చేరుస్తుంది. చిన్న వర్క్‌షాపులోనో, ఆడిటరు కార్యాలయంలోనో, రైతు ఉత్పత్తిదారుల సంఘంలోనో రెండు నెలలు నిజంగా పనిచేస్తే చేయదగిన వృత్తి ఏదో, చేయలేనిది ఏదో తెలుస్తుంది. నచ్చని వృత్తిని ముందే గుర్తించడం కూడా లాభమే.

చివరి ఏడు కూడబెట్టిన దాన్ని ఒక రూపంలోకి తేవాలి. ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు, సాహిత్య విద్యార్థి వ్యాసం, వాణిజ్య విద్యార్థి ఒక దుకాణం లెక్కల విశ్లేషణ – ఏదైనా సరే, దుకాణంలో కొన్న ప్రాజెక్టు కాకుండా సొంత చేతితో ముగించినదై ఉండాలి. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అక్కడే ఉంటుంది. అదే పని మీద మాట్లాడగల ఒక అధ్యాపకుడు, ఒక పనిచోటు పెద్ద తర్వాతి దారుల్లో సిఫారసుకు నిజాయితీగా నిలవగలరు.

కాలం అందరికీ ఒకేలా దొరకదు

ఈ క్రమం చదివినంత తేలికగా అందరికీ సాధ్యం కాదు. పల్లె నుంచి బస్సులో రోజుకు మూడు నాలుగు గంటలు తిరిగే విద్యార్థికి సాయంత్రం సంఘం ఉండదు. రాత్రిళ్లు ఆహార సరఫరా పని చేస్తూ చదివేవారికి గ్రంథాలయం తెరిచి ఉండే వేళ దొరకదు. ఆడపిల్లలకు హాస్టల్ గేటు మూసే సమయం, ఇంటి పని, పెళ్లి మాటలు కళాశాల కాలాన్ని కోసేస్తాయి. వీరికి క్రమశిక్షణ గురించి ఉపదేశించడం న్యాయం కాదు. విద్యార్థి చేతిలో ఉన్నది కొంతే. మిగిలినది కుటుంబం, సంస్థ, ప్రభుత్వం చేతిలో ఉంది.

కుటుంబం చేయగలిగినది ప్రధానంగా ఓపిక పట్టడం. చదువుకు అప్పు చేసిన ఇంట తొందర అర్థం చేసుకోదగినదే. అయినా మూడో ఏడాది చదువుతున్న పిల్లవాడిని చుట్టాల పిల్లల జీతాలతో పోల్చడం వల్ల అతను మంచి కొలువు కోసం ఆగకుండా దొరికిన మొదటి కొలువులో చిక్కుకుంటాడు. ఆడపిల్ల చదువు పూర్తయ్యే వరకు సంబంధాలు చూడకుండా ఉండటం కుటుంబం ఇవ్వగల గొప్ప కానుక.

సంస్థ బాధ్యత ఇంకా పెద్దది. గ్రంథాలయాన్ని తరగతుల తర్వాత రాత్రి వరకు తెరిచి ఉంచడం, బస్సు విద్యార్థుల కోసం సంఘాల పనికి టైంటేబుల్‌లోనే వారానికి రెండు గంటలు కేటాయించడం, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపడం, కొన్న ప్రాజెక్టును అంగీకరించకపోవడం – ఇవి చాలావరకు పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణలు కావు. పోస్టుల భర్తీ మినహా తక్కినవన్నీ నిర్ణయంతో అయ్యేవే. 2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీకి, మధ్యలో ఆగి తిరిగి చేరే వీలుకు దారి తెరిచింది. పని చేస్తూ చదవవలసిన విద్యార్థికి ఆ వీలు మేలు చేయాలంటే తిరిగి వచ్చే రోజున అతనికి సీటు, ఫీజు సాయం రెండూ ఉండాలి. వాటికి హామీ ఇవ్వవలసినది ప్రభుత్వమే.

కళాశాలకూ కొలువుకూ ఉన్న బంధం తెగదు, తెగవలసిన అవసరమూ లేదు. నూట ఎనభై ఏళ్లుగా తెలుగు కుటుంబాలు ఆ బంధాన్ని నమ్మే పిల్లలను చదివించాయి, ఆ నమ్మకం ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కళాశాల విజయాన్ని ఉద్యోగ ఉత్తర్వులు అందిన రోజున లెక్కించడమే సరిదిద్దుకోవలసిన విషయం. అసలు లెక్క పదేళ్ల తర్వాత తేలుతుంది: ఆ పట్టభద్రుడు కొత్త పనిని తానే నేర్చుకోగలుగుతున్నాడా, తన కింద పనిచేసేవారికి నేర్పగలుగుతున్నాడా, ఉద్యోగం మారినా పోయినా నిలదొక్కుకోగలుగుతున్నాడా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగేవారి సంఖ్యను బట్టే ఏ కళాశాలనైనా, అక్కడ గడిచిన సంవత్సరాలనైనా తూచాలి.